ఎడమ వైపు వెనక సీటు

గడిచిన తొమ్మిది నెలల్లో మా కారు మొత్తం పదకొండు సార్లు కదిలిందని మా ఆయన తేల్చారు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. నేను వంటింటి గట్టు దగ్గర మధ్యాహ్నం డబ్బాకి మూత పెడుతుంటే, పక్కన నిలబడి వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టారు.

“నాలుగు సార్లు కింద నేల కడుగుతున్నారని పక్కకి జరిపాం. రెండు సార్లు గాలి కొట్టించుకొచ్చాను. ఒకసారి బ్యాటరీ చచ్చిపోతే వాచ్‌మనూ నేనూ తోశాం. పాపం అని అది కూడా కదలడం కిందే వేశాను.”

“మిగతా నాలుగు?”

“మామయ్య నడిపినవి. అవి ఎనిమిది నెలల కిందటివి.” ఆయన గొంతు తగ్గించారు. ముందు గదిలో నాన్న రేడియో వింటున్నాడు. “మనిద్దరికీ చెరో సైకిలుంది. వానొస్తే బస్సుంది. సామాను మొయ్యాలన్నా, ఒంట్లో బాగోకపోయినా ఫోను చేస్తే గుమ్మం ముందుకి వచ్చే కారుంది. ఇంక మన కారు ఎవరికోసం చెప్పు? నీకు నడపడం రాదు. నాకు వచ్చినా భయం. మామయ్య నడపకూడదు. దుప్పటి కప్పి పడుకోబెట్టి దానికి మనం సేవ చేస్తున్నాం.”

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాకు కోపం వచ్చింది కూడా అందుకే.

“చూద్దాం లెండి” అనేసి సైకిలు తాళం తీసుకుని మెట్లు దిగాను.

కింద మా స్థలంలో బూడిదరంగు కారు ముసుగు కప్పుకుని ఉంది. దాని ముక్కు గేటు వైపు. పక్కనే నా సైకిలు, దాని ముక్కు గోడ వైపు. రోజూ సాయంత్రం అలసిపోయి వచ్చి ఎలా తోసేస్తే అలాగే ఉంటుంది. పొద్దున్నే దాన్ని వెనక్కి లాగి, తిప్పి, ఎక్కాలి. నాన్న అది చూసినప్పుడల్లా నాలుక చప్పరిస్తాడు.

నేను కంటి ఆస్పత్రిలో పనిచేస్తాను. డాక్టరు దగ్గరికి పంపే ముందు మనిషి గడ్డాన్ని మిషను పట్టీ మీద ఆనించి, అక్షరాలు చదివించి, ముక్కు మీద అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా, ఇది బాగుందా” అని అడిగేది నేనే. ఇంటి నుంచి ఆస్పత్రికి ఏడు కిలోమీటర్లు. కాలేజీ రోజుల నుంచీ సైకిలే. పెళ్లిచూపుల్లో మా ఆయన నన్ను అడిగిన మొదటి మాట కూడా “గేర్లున్నదా, లేనిదా?” అని. అలాంటి ఇంట్లో కారెందుకని ఎవరైనా అడుగుతారు. మేడ మీదవాళ్లు అడిగారు, నాతో పనిచేసేవాళ్లు అడిగారు. అడగనిది నాన్న ఒక్కడే. కారు తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. చొక్కా మారిస్తే అదీ మారుతుంది.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేశాడు, రోడ్లు వేయించే ఇంజనీర్ల ఆఫీసులో. కార్లు మారాయి, ఇంజనీర్లు మారారు, స్టీరింగు ముందు మనిషి మారలేదు. ఆ పనికి ఆయన పెట్టుకున్న నియమాలు నాకు చిన్నప్పుడే నోటికొచ్చు. బండి ఎప్పుడూ బయటికి చూస్తూ నిలబడాలి; పిలిచినప్పుడు రివర్సు చేసుకుంటూ కూర్చునేవాడు డ్రైవరు కాడు. ముందు తెరవాల్సిన తలుపు ఎడమ వైపు వెనకది, ఎందుకంటే దొర కూర్చునేది అక్కడ. పైనున్న అద్దం రోడ్డు చూసుకోవడానికే. వెనక కూర్చున్నవాళ్ల నవ్వులూ ఏడుపులూ మనవి కావు.

ఒక ఇంజనీరుగారి భార్యని తొమ్మిదో నెలలో, సగం వేసి వదిలేసిన రోడ్డు మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడట. ఆవిడ చేతిలో గ్లాసుతో నీళ్లున్నాయి. దిగేటప్పుడు చూస్తే గ్లాసు నిండుగా అలాగే ఉందట. ఈ కథ నేను వంద సార్లు విన్నాను. మొదట్లో ఆ గ్లాసులో సగమే నీళ్లుండేవి.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఈ కారు కొన్నాను, ఒకరు వాడినదే. నా కోరికల్లా ఒక్కటే: నాన్నని ఆ ఎడమ వైపు వెనక సీట్లో కూర్చోబెట్టాలి. ముప్పై ఏళ్లు తలుపు తీసి పట్టుకున్న మనిషికి ఒక్కసారి నేను తలుపు తీసి పట్టుకోవాలి. నడపడం తరవాత నేర్చుకోవచ్చు. ముందు ఆయన కూర్చుంటే చాలు.

కారు ఇంటికి వచ్చిన రోజు స్టీరింగు ముందు కూర్చుని “రా నాన్నా, వెనక కూర్చో” అన్నాను. ఆయన చక్కా వెళ్లి వెనక తలుపు తీసి పట్టుకుని, పక్కన నిటారుగా నిలబడ్డాడు.

“దిగు, ఆఫీసరమ్మా.”

“ఈ ఒక్కరోజు నువ్వు కూర్చో నాన్నా.”

“నేను వెనక కూర్చుంటే బండి ఎవరు నడుపుతారు? నీ డిగ్రీ కాగితమా?” మెల్లగా అన్నాడు. “ఎవరెవరి పిల్లల్నో వెనక కూర్చోబెట్టుకుని తిప్పానే. నా పిల్లని తిప్పుకోనివ్వవా?”

నేను దిగి వెనక్కి వెళ్లాను. ఆయన తలుపు వేశాడు. ఆ చప్పుడు ఎంత మెత్తగా వచ్చిందో.

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం వంతెన దాకా వెళ్లి రావడం. వెళ్లి చేసే పనేమీ లేదు. అక్కడ కారు తిప్పి, బయటికి చూసేలా ఆపి, నది వాసన రెండు నిమిషాలు పీల్చుకుని వచ్చేసేవాళ్లం. పెళ్లయ్యాక మా ఆయన్ని ముందు సీట్లో కూర్చోమంటే “అమ్మో, మీ ఇద్దరి మధ్య నేనెందుకు?” అని తప్పుకున్నారు. వెనక సీట్లోంచి నాకు కనిపించేది నాన్న మెడ. కాలరుకి పైన గీత గీసినట్టు కత్తిరించిన తెల్లజుట్టు, చెవి కింద పుట్టుమచ్చ. అద్దం మాత్రం మా కారులో ఉండాల్సిన దానికన్నా కాస్త కిందికి వంగి ఉండేది. తలెత్తితే అందులో రెండు కళ్లు. ముప్పై ఏళ్లు వెనక్కి చూడని మనిషి, నా కోసం ఒక్క నియమం తప్పాడు.

సైకిలంటే మాత్రం ఆయనకి పడేది కాదు. “డిగ్రీ చదివించింది తొక్కడానికా?” అని సణిగేవాడు. సణుగుతూనే చెయిను విప్పి, కిరసనాయిల్లో కడిగి, నూనె వేసేవాడు.

ఇక్కడ నా చదువు సంగతి ఒకటి చెప్పాలి. కళ్ల పరీక్ష నేర్చుకునేటప్పుడు ఇంట్లో సాధన చేసుకోవడానికి అక్షరాల చార్టు ఒకటి కొనుక్కుని ముందు గది గోడకి తగిలించాను. పైన పెద్ద అక్షరం ఒకటి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. నాకు దొరికిన ఒకే ఒక్క రోగి నాన్న. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పగానే కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూసేదాన్ని. “ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ...” ఎక్కాలు చదివినట్టు చదివేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఇంగ్లీషు అక్షరాలు అంత గట్టిగా చదువుతుంటే నాకు ముచ్చటేసేది. చదవడం అయ్యాక “పాసయ్యానా?” అని అడిగేవాడు. “ఫస్టు క్లాసు” అనేదాన్ని.

ఉద్యోగం వచ్చాక కూడా ఆ చార్టు గోడ మీదే ఉండిపోయింది. ఏటా ఆయన పుట్టినరోజుకి దాని ముందే నేను పరీక్ష చేసేదాన్ని. ఆస్పత్రికి రమ్మంటే వచ్చేవాడు కాదు. “కళ్ల పరీక్ష చేసేది నా ఇంట్లోనే ఉంటే, నేనెళ్లి లైన్లో నిలబడాలా? నవ్విపోతారు.” నాకూ అది గర్వంగానే ఉండేది. ఏటా ఆరో వరుస దాకా తప్పు లేకుండా చదివేవాడు. ఏటా ఫస్టు క్లాసే.

ఎనిమిది నెలల కిందట ఒక సాయంత్రం ఆస్పత్రి నుంచి వస్తున్నాను. మందుల దుకాణం మలుపు దగ్గర నా కుడి పక్కనుంచి ఒక కారు నన్ను దాటి, నా ముందు నుంచే ఎడమ సందులోకి తిరిగింది. బ్రేకులు రెండూ పట్టేశాను. వెనక చక్రం లేచింది. దుకాణం మెట్టు మీద మోచెయ్యి ఆని పడ్డాను.

పడి తల ఎత్తేసరికి కారు సందులో మెల్లగా వెళ్లిపోతోంది. బూడిదరంగు. నాకు తెలిసిన నంబరు. వెనక సీటు ఖాళీగా ఉంది.

ఇండికేటరు వేశాడు. తిరిగే ముందు పక్క అద్దంలోకి తల తిప్పాడు కూడా, నేను చూశాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. నేను మాత్రం ఆయనకి కనబడలేదు.

ఇంటికి వెళ్తే నా మోచెయ్యి చూసి నాన్న లబలబలాడిపోయాడు. దూది తెచ్చాడు, వేడినీళ్లు తెచ్చాడు.

“ఎవడే వాడు? ఆగాడా?”

“ఆగలేదు.”

“నంబరు చూశావా?”

“లేదు నాన్నా.”

“అలాంటి గుడ్డివెధవకి లైసెన్సు ఇచ్చినవాణ్ణి అనాలి. సైకిలు మీద మనిషి వాడి కంటికి ఆనలేదా? నా చేతికి దొరికితే స్టీరింగు ముట్టుకోకుండా చేస్తాను.” గాయం మీద ఊదుతూ, నొప్పి తనకే అన్నట్టు మొహం పెట్టాడు.

ఆ ఆదివారం పుట్టినరోజు కాకపోయినా కుర్చీ వేశాను. కుడికన్ను చేత్తో మూసుకుని ఎడమకన్నుతో చదవమన్నాను. ఆయన గొంతు సవరించుకుంటుంటే, నేను చార్టు దగ్గరికి వెళ్లి చప్పుడు కాకుండా దాన్ని వెనక్కి తిప్పి తగిలించి, వచ్చి ఆయన చెయ్యి తీసి నా చేత్తో మూశాను.

“ఈ” అన్నాడు నాన్న. “ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్.”

తెల్లటి అట్టని ఆరో వరుస దాకా చదివాడు. ఒక్క తప్పు లేదు. “పాసయ్యానా?” అన్నాడు.

నేను కుడికన్ను మీంచి చెయ్యి తియ్యలేదు. తీస్తే చూస్తాడు. ఆయనే నా చెయ్యి జరిపి గోడ వైపు చూశాడు.

“ఎప్పటి నుంచి నాన్నా?”

“నోటికి రావడమా? నువ్వు చదువుకునేటప్పుడే. ఆఫీసు షెడ్డులో ఖాళీ దొరికితే కాగితం మీద రాసుకుని వల్లించేవాణ్ణి.” తలొంచుకున్నాడు. “పరీక్ష నీకనుకున్నానే. నేను తప్పు చదివితే నీ మార్కులు పోతాయనుకున్నాను.”

“మరి ఎడమకన్ను కనబడట్లేదని చెప్పలేదేం?”

“కుడిది కనబడుతోందిగా.”

మర్నాడు ఆస్పత్రిలో లైన్లో నిలబెట్టాను. నవ్విపోయినవాళ్లెవరూ లేరు. నాన్నకి వచ్చినదాన్ని నీటికాసులంటారు, ఇంగ్లీషులో గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం మెల్లగా ఎండిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్కచూపు కొసల నుంచి కరుగుతూ వస్తుంది. నాన్న ఎడమకన్నులో మిగిలింది కొంచెమే. కుడికన్నులోనూ అంచులు పోయాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అన్నారు డాక్టరు. రోజుకి నలభై మంది గడ్డాలు పట్టీ మీద ఆనించేదాన్ని. ఇంట్లో ఉన్న ఒక్క గడ్డాన్ని ఆనించలేకపోయాను.

“బండి నడపొచ్చా?” అని అడిగాడు నాన్న.

“నడపకూడదండీ. కొన్నాళ్లు మందు వేసుకోండి, చూద్దాం.”

నాకు వినబడింది మొదటి మాట. నాన్నకి వినబడింది రెండోది. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం గడియారం చూసుకుని చుక్కలు వేయించుకుంటూ, జేబు తడుముకుంటూ, ఆ “చూద్దాం” కోసం ఎదురుచూస్తున్నాడు. వద్దని గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నన్ను పడేసింది మా కారేనని మా ఆయనకి కూడా చెప్పలేదు. నిజం చెప్పాలంటే, కారు ముసుగు కింద ఉన్నంతకాలం నేను కూడా ఆ “చూద్దాం”ని పట్టుకునే వేలాడాను. సైకిలు మీద ఎదురుగాలిలో తొక్కుతున్నప్పుడు శనివారం సాయంత్రాలు గుర్తొచ్చేవి. ఎక్కడికో వెళ్లాలని కాదు. ఆ మెడ వెనక, ఆ అద్దం కింద ఊరికే కూర్చోవాలని.

మా ఆయన పదకొండు సార్లని తేల్చిన వారానికి, కారు చూస్తామని ఒకావిడ ఫోను చేసింది. రెండు వీధుల అవతల బేకరీ నడుపుతుంది. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ కేకులు తీసుకెళ్లాలి, ఆటోల్లో పెడితే కూలిపోతున్నాయంది. శనివారం రమ్మన్నాను.

ఆ మాట చెప్పగానే నాన్న రేడియో ఆపాడు.

“అమ్మెయ్యండి. వాడని బండి తుప్పు పడుతుంది, అల్లుడుగారు చెప్పిందే నిజం. కానీ ఇచ్చే ముందు నన్నొక్కసారి నడపనియ్యి.”

“నాన్నా!”

“రేపు పొద్దున్నే, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు. వంతెన దాకా. నువ్వు వెనక కూర్చో, అంతే. చుక్కలు ఎనిమిది నెలలు ఒక్క పూట మానలేదు. ఈమధ్య తేటగానే ఉంటోంది.”

“మామయ్యా, డాక్టరుగారు...” అని మా ఆయన అందుకోబోయారు.

“డాక్టరుగారు బండి నడిపారా అల్లుడుగారూ? ఆయన బండి కూడా ఎవరో డ్రైవరే నడుపుతాడు.” నా వైపు తిరిగాడు. “ముప్పై ఒక్క ఏళ్లు నడిపానే. కుక్కపిల్లకి కూడా నా చక్రం తగల్లేదు. నా వల్ల గీత పడ్డ మనిషిని ఒక్కణ్ణి చూపించు, ఇప్పుడే ఇచ్చేస్తాను తాళం.”

సరే అనాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో చెప్పలేను. తెల్లవారుజాము, ఖాళీ రోడ్డు, ఆ మెడ. ఒక్కసారికి ఏమవుతుంది అనిపించింది. కానీ ఆ వేళ రోడ్డు మీద ఎవరూ ఉండరనడం అబద్ధం. పాలపాకెట్లు వేసేవాళ్లు, పేపర్లు వేసేవాళ్లు ఉంటారు. అందరూ సైకిళ్ల మీదే ఉంటారు, రోడ్డుకి ఎడమ పక్కనే తొక్కుతారు.

చీర కొంగు తీసి, జాకెట్టు చెయ్యి పైకి లాగి మోచెయ్యి ఆయన కుడికన్ను ముందు పెట్టాను.

“నన్ను చూడు నాన్నా.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు.

“మందుల దుకాణం మలుపు. ఆవేళ సందులోకి తిరిగింది మన కారే.”

మా ఆయన నా మొహం కేసి చూసి కుర్చీలో కూర్చుండిపోయారు. నాన్న వేలితో ఆ మచ్చని తడిమాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు.

“నంబరు చూడలేదన్నావు.”

“చూశాను.”

“చూసి...” ఆగిపోయాడు. తను ఆరోజు అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆయన పెదాలు కదిలాయి. అప్పుడు అడిగాడు. “ఇండికేటరు వేశానా?”

“వేశావు నాన్నా. అద్దంలో కూడా చూశావు.”

“చూశాను కదా” అన్నాడు. “చూశాను.”

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాలేదు. లేచి గదిలోకి వెళ్లి, పడుకునే వేళ కాకపోయినా దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి చుక్కలు వెయ్యడానికి వెళ్తే కళ్లు తెరిచి పట్టుకున్నాడు.

శనివారం బేకరీ ఆవిడ వచ్చేసరికి నాన్న కింద ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ముసుగు తీసి మడతపెట్టి, కారుని ఒక కొస నుంచి చేత్తో తడుముతూ తుడుస్తున్నాడు. ఎడమ పక్క తుడిచేటప్పుడు తల పూర్తిగా తిప్పి తుడుస్తున్నాడు.

“ఒకసారి నడిపి చూడొచ్చాండీ?” అంది ఆవిడ. చేతుల మీద ఇంకా పిండి మరకలున్నాయి.

“చూడకుండా కొంటారామ్మా? ఎక్కండి.”

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. నాన్న అలవాటు ప్రకారం ఎడమ వైపు వెనక తలుపు దగ్గరికి నడిచాడు, నా కోసం తియ్యడానికి. ఆయన చెయ్యి పిడి మీద పడేలోపు నేను వెళ్లి తీసి పట్టుకున్నాను.

“అది నీ సీటు” అన్నాడు.

“ఎక్కు నాన్నా.”

వంగి, ముందు తల పెట్టి, తరవాత ఒక కాలు, చంటిపిల్లాడు ఎక్కినట్టు ఎక్కాడు. ముప్పై ఒక్క ఏళ్లు తలుపు తీశాడు గాని ఆ సీట్లోకి ఎలా ఎక్కుతారో ఆయనకి తెలియదు. తలుపు వేశాను. మెత్తగా వెయ్యాలనుకున్నా గట్టిగా పడింది. నేను అటు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

బేకరీ ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది. తరవాత చెయ్యెత్తి పైనున్న అద్దాన్ని తనకి సరిపోయేలా తిప్పింది. చిన్న చప్పుడు, కిర్రుమని. మేమిద్దరం అందులోంచి మాయమైపోయాం. అందులో ఇప్పుడు వెనక రోడ్డు కనిపిస్తోంది. అద్దం ఉన్నది అందుకే కదా.

నాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తీసి సీటు మీద పెట్టాడు. మళ్లీ మోకాళ్ల మీదికి తెచ్చాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు చాప మీద, బ్రేకు లేని చోట నొక్కుతోంది.

“క్లచ్చి వదిలేటప్పుడు తొందర పడకండమ్మా” అన్నాడు ఉండబట్టలేక. “కేకులు మోస్తారుగా.”

“మూడంతస్తులవి కూడా ఉంటాయండీ. పోయినవారం ఒకటి దించేసరికి రెండంతస్తులే మిగిలింది. పెళ్లికూతురు నా మీద పడి ఏడ్చింది.”

“పక్క సీట్లో గ్లాసుతో నీళ్లు పెట్టుకుని నేర్చుకోండి. ఒలకకూడదు. ఒకసారి మా ఇంజనీరుగారి భార్యని తొమ్మిదో నెలలో...” అని మొదలుపెట్టాడు. ఈసారి గ్లాసులో నీళ్లు అంచుకి పైదాకా ఉన్నాయి. ఆవిడ నిజంగానే విన్నది. “అలా నడిపేవాళ్లు ఇప్పుడెక్కడున్నారండీ” అంది.

మందుల దుకాణం మలుపు దగ్గర ఆవిడ ఎడమకి తిరగబోయింది. నాన్న తల మొత్తం కిటికీ వైపు తిప్పి, అద్దానికి నుదురు ఆనించి చూశాడు.

“ఆగండమ్మా. సైకిలొస్తోంది.”

ఆవిడ ఆపింది. ఎవరో పెద్దాయన, హ్యాండిలుకి సంచి తగిలించుకుని, కారులో ఎవరున్నారో కూడా చూడకుండా తాపీగా దాటిపోయాడు.

“ఇక్కడేనా?” అన్నాడు నాన్న నాకు మాత్రమే వినబడేలా.

“ఇక్కడే.”

సీటు మీదున్న నా మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టాడు. ఇంటి దాకా తియ్యలేదు.

బేకరీ ఆవిడ కారు తీసుకుంది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర రివర్సు చెయ్యాల్సిన పని లేకపోయింది, అది బయటికే చూస్తూ ఉంది కాబట్టి. మలుపు తిరిగేదాకా నాన్న గేటు దగ్గరే నిలబడి, తరవాత మడతపెట్టిన ముసుగు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. మా ఆయన బడి నుంచి వచ్చి, ఆ ఖాళీ స్థలం చూసి, “మన లెక్క పదకొండుతో ఆగిపోయింది” అనబోయి ఆపుకున్నారని తరవాత చెప్పారు. ఆరోజు నాన్నకి చుక్కలు ఆయనే వేశారు.

సోమవారం పొద్దున్న సైకిలు కోసం కిందికి దిగాను. గోడ వారగా ఎప్పుడూ ఉండే చోట లేదు. చూస్తే కారుండే స్థలం సరిగ్గా మధ్యలో, ముక్కు గేటు వైపు పెట్టి నిలబెట్టి ఉంది. సీటు తుడిచి ఉంది. చెయినుకి కొత్త నూనె వాసన.

శనివారాలు మాత్రం గడవవు. ఆ వేళకి నాన్న ఉతికిన చొక్కా వేసుకుంటాడు, కుర్చీ తెచ్చుకుని ఆ ఖాళీ స్థలంలో కూర్చుంటాడు, జేబు తడుముకుంటాడు. వంతెన దాకా బస్సుంది, వెళ్దామా నాన్నా అంటే “బస్సులో వెనక సీటుకి ఎవడు తలుపు తీస్తాడే?” అంటాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చి గేటు దాటేటప్పుడు ఆయన ఎడమ పక్క నుంచి రావాల్సి వస్తుంది. అందుకని దూరం నుంచే రెండుసార్లు బెల్లు కొడతాను. ఆయన తల మొత్తం తిప్పి, నన్ను వెతికి పట్టుకుని లేచి నిలబడతాడు.

“దిగు, ఆఫీసరమ్మా.”

నేను దిగుతాను. ఆయన హ్యాండిలు అందుకుని, రెండడుగులు వెనక్కి నడిచి, సైకిలుని తిప్పి పెడతాడు.